పెద్ద బండికి బ్రేకు డిస్కులు: గువ్వలచెరువు ఘాటులో పదేళ్ల వాడకం తర్వాత

నా ఉద్యోగం కడపలో, మా మామిడి తోట రాయచోటి దాటాక. ఈ రెంటి నడుమ గువ్వలచెరువు ఘాటు ఉంది కాబట్టి, 2015 ఆగస్టులో కొన్న మా ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ వారానికి రెండు సార్లయినా ఆ ఘాటు ఎక్కి దిగుతుంది. మీటరు ఇప్పుడు 1,86,000 కిలోమీటర్లు చూపిస్తోంది. ముందు చక్రాలకు నడుమ గాలి సందులున్న డిస్కులు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేలు, బ్రేకు తొక్కితే వీటినే నొక్కి పట్టి బండిని ఆపుతుంది), వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు. మాన్యువల్ గేర్ల బండి. ఈ పదేళ్లలో ముందు డిస్కులు మూడు జతలు చూశాను. వాటిలో నిజంగా అరిగిపోయినందుకు మార్చింది ఒక్క జతే. మొదటి జత నిక్షేపంగా ఉండగానే నా తెలివితక్కువతనం వల్ల తీయించేశాను. మూడో జత ప్రస్తుతం బండి మీద ఉంది. బండి ఏ కంపెనీదో రాయడం లేదు. రెండు టన్నుల బరువున్న బండి ఏదైనా డిస్కులతో పడే తంటాలు ఒక్కలాంటివే.

ముందు బరువు సంగతి చెప్పాలి. ఖాళీ బండే రెండు టన్నులు తూగుతుంది. ఏడుగురు మనుషులు, వెనక నాలుగు మామిడి బుట్టలు ఎక్కితే రెండున్నర టన్నులు. అంత బరువు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుండగా పూర్తిగా ఆపితే, దాదాపు 6 లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారాలి. అదే బండి ఘాటులో నూరు మీటర్ల ఎత్తు దిగితే 24 లక్షల జౌళ్లకు పైగా వేడి పుడుతుంది. అంటే నూరు మీటర్ల దిగుడు, 80 వేగంలో ఉన్న బండిని వరుసగా నాలుగు సార్లు నిలబెట్టడంతో సమానం. ఈ శక్తిలో ఇంజను ఎంత మింగుతుంది, డిస్కులు ఎంత మింగుతాయి అన్నది మనం ఏ గేరులో దిగుతున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. బ్రేకు తొక్కినప్పుడు బండి బరువు ముందుకు వాలుతుంది కాబట్టి డిస్కుల వాటాలో ఎక్కువ భాగం ముందు రెంటి మీదే పడుతుంది.

ఈ లెక్క నాకు 2018 ఏప్రిల్ దాకా తెలియదు. ఆ నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం రాయచోటిలో పెళ్లి భోజనాలు చేసుకుని, బండి నిండా బంధువులతో, డీజిల్ కలిసి వస్తుందన్న పిచ్చి నమ్మకంతో అయిదో గేరులోనే ఘాటు దిగడం మొదలుపెట్టాను. ప్రతి మలుపు దగ్గరా బ్రేకే ఆధారం. సగం దిగేసరికి కాలిన రబ్బరు లాంటి వాసన వచ్చింది. అది ముందు పోతున్న లారీదనుకున్నాను. ఇంకో రెండు మలుపుల తర్వాత పెడల్ మామూలుగా ఆగే చోట ఆగకుండా ఇంకా కిందికి పోయింది. రెండు మూడు సార్లు గబగబా తొక్కితే కాస్త గట్టిపడింది. మూడో గేరులోకి, ఆ తర్వాత రెండో గేరులోకి దించి, ఎలాగో రోడ్డు పక్కన కాస్త వెడల్పున్న చోట నిలిపాను. నిలిపిన తర్వాత మరో రెండు తప్పులు చేశాను. చక్రాల నుంచి పొగ వస్తున్నా పది నిమిషాల సేపు పెడల్ మీది కాలు తీయలేదు. ఆ తర్వాత మా బావమరిది వద్దంటున్నా వినకుండా, రెండు సీసాల నీళ్లు ముందు చక్రాల మీద పోశాను. చుయ్యిమన్న ఆ శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది. చేయాల్సింది వేరు: బండిని గేరులో ఉంచి, చక్రాలకు రాళ్లు ఆనించి, బ్రేకు మీది నుంచి కాలు తీసి, అరగంట గాలికి వదిలేయడం. మరిగే వేడిలో ఉన్న డిస్కును ప్యాడు (బ్రేకు తొక్కినప్పుడు డిస్కును పక్క నుంచి నొక్కే బిళ్ల) ఒకే చోట నొక్కి పట్టుకుంటే ప్యాడు పదార్థం అక్కడ ముద్రలా అతుక్కుంటుంది. ఎర్రగా కాలిన పోత ఇనుము మీద చన్నీళ్లు పడితే డిస్కు వంకర పోవచ్చు, పగలనూ వచ్చు.

పెడల్ కిందికి పోవడానికి కారణం డిస్కు కాదు, బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3 అయితే 205, 140. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడతాయి, ఆవిరి నొక్కితే నలుగుతుంది, పెడల్ మెత్తబడుతుంది. మా బండిలో కొన్న నాటి ఆయిల్ దాదాపు మూడేళ్లుగా అలాగే ఉంది. సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ ఇంజను ఆయిల్ మార్చినట్టు బిల్లులో చూసుకున్నానే గానీ, బ్రేక్ ఆయిల్ మాట అడగనే లేదు. ఇప్పుడు రెండేళ్లకు ఒకసారి, బండి తిరిగినా తిరగకపోయినా, నాలుగు చక్రాల దగ్గరా పాతది పూర్తిగా వెళ్లగొట్టి కొత్తది పట్టిస్తున్నాను. డిస్కుల కోసం నేను పెట్టిన డబ్బులో అతి తక్కువ దీనికే పోయింది, అతి ఎక్కువ మేలు దీనివల్లే జరిగింది.

ఆ ఘాటు ముచ్చట జరిగిన కొన్ని నెలల తర్వాత, 62,000 కిలోమీటర్ల దగ్గర, 80 వేగంలో బ్రేకు తొక్కితే స్టీరింగు వణకడం మొదలైంది. బండిని ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. వాళ్లు చక్రం విప్పకముందే "డిస్కులు వంగిపోయాయి సార్, జత మార్చాల్సిందే" అన్నారు. ప్యాడ్లు, కూలి కలిపి ఇరవై ఒక్క వేల చిల్లర బిల్లు అయింది. వణుకు పోయింది. నేనూ మర్చిపోయాను. నాలుగున్నర వేల కిలోమీటర్లు తిరిగేసరికి అదే వణుకు అచ్చంగా మళ్లీ వచ్చింది. మళ్లీ వెళ్తే మళ్లీ డిస్కులు మార్చాలన్నారు. ఈసారి వాళ్ల మాట వినకుండా బండి తిప్పుకుని వచ్చేశాను.

మా వీధిలో ఆటోలు నడిపేవాళ్లు పంపితే రాయచోటి రోడ్డులో ఒక రేకుల షెడ్డు వేసుకుని పనిచేసే భాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన చక్రం విప్పి, డిస్కు ఊడదీసి, డిస్కు వైపు కాకుండా అది కూర్చునే హబ్బు వైపు టార్చి వేసి చూపించాడు. "ఇది చూడు సార్. డిస్కులో ఏం లేదు. ఈడ తుప్పు పొరలు పొరలుగా పట్టి ఉండాది. దీనిమీదనే కొత్త డిస్కు కూర్చోబెడితే అదెట్ల సరిగ్గా తిరుగుతాది?" అన్నాడు. హబ్బు ముఖం మీద ఎర్రటి పెచ్చులు కట్టిన తుప్పు ఉంది, ఒక పక్కన ఎక్కువ, ఒక పక్కన తక్కువ. ఆయన డిస్కును తిరిగి పెట్టి, నట్లు బిగించి, కాస్త ఊగినా ముల్లుతో కొలిచి చూపే డయల్ గేజీ మొన డిస్కు ముఖానికి ఆనించి నెమ్మదిగా తిప్పాడు. ముల్లు 0.14 మిల్లీమీటర్ల మేర ఊగింది. ఇలాంటి బండ్లకు అది 0.05 దాటకూడదు. ఆ తర్వాత వైర్ బ్రష్షుతో, ఉప్పుకాగితంతో హబ్బును అరగంట సేపు రుద్ది, లోహం మెరిసే దాకా తెచ్చి, గుడ్డతో తుడిచి, మళ్లీ అదే డిస్కు పెట్టి తిప్పాడు. ముల్లు 0.04 దగ్గర ఆగింది.

ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నేను ఇరవై వేలు పోగొట్టుకున్నది ఈ విషయం తెలియకే. డిస్కు "వంగింది" అని అందరూ అంటారు గానీ, బూడిద రంగు పోత ఇనుముతో చేసిన ఆ బరువైన చక్రం మామూలు వాడకంలో వంగడం అరుదు. జరిగేది వేరు. హబ్బు మీది తుప్పు వల్ల డిస్కు కొంచెం పక్కకు ఒరిగి కూర్చుంటుంది. బ్రేకు తొక్కకపోయినా, తిరిగే ప్రతి చుట్టులో దాని ఎత్తు భాగం ప్యాడును ఒకే చోట ఒరుసుకుంటూ పోతుంది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి డిస్కు ఆ చోట మిగతా చోట్ల కన్నా పలచబడుతుంది, లేదా ప్యాడు పదార్థం ఒకచోట ఎక్కువగా పేరుకుంటుంది. అప్పుడు బ్రేకు తొక్కితే ప్యాడ్లు మందం, పలచన, మందం, పలచన అంటూ తడుముతాయి. ఆ లయే పెడల్‌లోకి, స్టీరింగులోకి వస్తుంది. మందంలో మిల్లీమీటరులో యాభయ్యో వంతు తేడా చాలు, కాలికి తెలిసిపోతుంది. అది నోటుపుస్తకం కాగితం మందం కన్నా చాలా తక్కువ. కొత్త డిస్కులు వేసిన వెంటనే వణుకు పోయి, నాలుగు వేల కిలోమీటర్లకు తిరిగి రావడంలోని మర్మం ఇదే.

భాయ్ ఆ రెండో జతను పారేయనివ్వలేదు. లేత్ మిషన్ మీద రెండు ముఖాలూ పలచగా పట్టించి, 28 మిల్లీమీటర్ల మందాన్ని 27.3కు తెచ్చి, తిరిగి బిగించాడు. మొత్తం ఖర్చు రెండు వేలు దాటలేదు. ఆ జత తర్వాత 74,000 కిలోమీటర్లు ఒక్క వణుకు లేకుండా నడిచింది. ఇంటికి తెచ్చుకున్న మొదటి జతను ఆ వారమే కొలిచాను: 26.9 మిల్లీమీటర్లు. డిస్కు అంచు మీద పోతపోసి ఉన్న కనీస మందం 26. అంటే ఇంకా దాదాపు సగం జీవితం మిగిలి ఉన్న డిస్కులను నేను డబ్బిచ్చి తీయించాను. ఇప్పుడవి మా మిద్దె మీద టార్పాలిన్ ఎగిరిపోకుండా కాపలా కాస్తున్నాయి. ఒక్కోటి తొమ్మిది కిలోలకు తక్కువ ఉండదు కాబట్టి ఆ పనికి బాగానే ఉన్నాయి.

చక్రం నట్ల బిగింపు కూడా ఇదే కోవలోకి వస్తుంది. పంక్చరు షాపుల్లో గాలి గన్నుతో ఒక నట్టును విరిగిపోయేంతగా, పక్క నట్టును వదులుగా బిగిస్తారు. ఆ తేడా వల్ల కూడా డిస్కు ఒరుగుతుంది. నేను ఒక టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) కొని బండిలో వేసుకున్నాను. టైరు ఎక్కడ విప్పినా ఇంటికి వచ్చాక నట్లన్నీ వదులు చేసి, ఒకదానికి ఎదురుగా ఉన్న మరొకటి చొప్పున, బండితో వచ్చిన పుస్తకంలో ఉన్న కొలతకు బిగించుకుంటాను. మా ఆవిడ దీన్ని పూజ అంటుంది.

కడప జిల్లాలో బండి నడిపేవారికి ఇంకో శత్రువు దుమ్ము. తోట పని లేని రోజుల్లో నేను ఎర్రగుంట్ల వైపు తిరుగుతుంటాను. అక్కడ బండల పాలిష్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే రాతి పొడి, సిమెంటు లారీల దుమ్ము చక్రాల్లోకి చేరి, కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు రెండు పక్కలా పట్టి నొక్కే భాగం) జారే పిన్నుల రబ్బరు తొడుగుల్లో ఎక్కడ చిన్న చీలిక ఉన్నా లోపలికి పోతుంది. పిన్ను బిగుసుకుంటే కాలిపర్ జరగదు. బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి ముందుకు జరిగి ప్యాడును నెట్టే పిస్టన్ వైపు ప్యాడు ఒక్కటే పనిచేస్తుంది, బ్రేకు వదిలాక కూడా డిస్కును ఒరుసుకుంటూనే ఉంటుంది. 95,000 దగ్గర ప్యాడ్లు మార్చినప్పుడు ఎడమ చక్రంలో బయటి ప్యాడు ఏడు మిల్లీమీటర్లు ఉంటే లోపలిది రెండే మిగిలింది. కింది పిన్నును బయటికి లాగడానికి భాయ్ పది నిమిషాలు తిప్పలు పడ్డాడు. బయటికి వచ్చిన పిన్ను మీద గ్రీజు బదులు బూడిద రంగు మట్టి ముద్ద ఉంది. అప్పటి నుంచి ప్రతి 20,000 కిలోమీటర్లకు పిన్నులు తీయించి, కడిగించి, సిలికాన్ గ్రీజు పెట్టిస్తున్నాను. మామూలు పెట్రోలియం గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి, ఆ పిన్నే మళ్లీ ఇరుక్కుంటుంది. షెడ్డులో కుర్రవాళ్లు చేతికందిన డబ్బాలో వేలు ముంచుతారు, పక్కన నిలబడి చూడాల్సిందే.

పిన్ను బిగుసుకున్నది విప్పకుండానే కనుక్కోవచ్చు. తాకకుండా వేడి కొలిచే చిన్న థర్మామీటరు వెయ్యి రూపాయల లోపు కొన్నాను. ఇరవై కిలోమీటర్లు మామూలుగా నడిపి, బ్రేకు ఎక్కువ వాడకుండా నిలిపి, రెండు ముందు డిస్కుల మీదా చూపిస్తాను. మెరిసే లోహం మీద ఈ పరికరం అసలు వేడి కన్నా తక్కువ చూపిస్తుంది కాబట్టి అంకెను నమ్మను, కుడి ఎడమల తేడానే చూస్తాను. మంచి స్థితిలో తేడా పదిహేను డిగ్రీలు దాటలేదు. పిన్ను ఇరుక్కున్న ఒకానొక రోజు ఎడమ 148, కుడి 92 చూపించింది.

1,41,000 దగ్గర రెండో జత ఆయుష్షు తీరింది. మందం కొలవడంలో ఒక కిటుకు ఉంది. వాడిన డిస్కు బయటి అంచున ప్యాడు తగలని చోట చిన్న గట్టు మిగులుతుంది. మందం కొలిచే వెర్నియర్‌ను అలాగే పట్టుకుంటే దాని దవడలు ఆ గట్టు మీద ఆగి తప్పు కొలత ఇస్తాయి, నాకు 27.3 అని, అంటే లేత్ పట్టించిన నాటి మందమే చూపించింది. రెండు రూపాయి నాణేలను గట్టుకు లోపలగా, డిస్కుకు చెరో వైపు ఆనించి కొలిస్తే 29.0 వచ్చింది. నాణేల మందం కలిపి 2.9 తీసివేస్తే 26.1. కనీస మందానికి ఒక వెంట్రుక వాసి దూరం. ప్యాడ్లు కూడా మూడు మిల్లీమీటర్లకు వచ్చాయి కాబట్టి అన్నీ కలిపి మార్చడం మేలనుకున్నాను.

డిస్కుల జత పదకొండు వేల ఎనిమిది వందలు, ప్యాడ్లు నాలుగు వేల రెండు వందలు, భాయ్ కూలి వెయ్యి. ఒక్క పక్కనే మార్చడం అన్న ఆలోచనే వద్దు, ఒక ఇరుసుకు రెండూ ఒకేసారి మార్చాలి. చిల్లులు పొడిచిన డిస్కులు చూడడానికి రేసు బండిలా అందంగా ఉన్నాయని మా అబ్బాయి పట్టుబట్టాడు గానీ, బరువైన బండి ఘాటు దిగేటప్పుడు ఆ చిల్లుల అంచుల నుంచే బీటలు మొదలవుతాయి కాబట్టి ఒప్పుకోలేదు. నడుమ గాలి సందులున్న సాదా డిస్కే తీసుకున్నాను. పెట్టె మీద సగం ధర రాసి ఉన్న పేరులేని డిస్కులు కూడా చూపించారు. చేత్తో ఎత్తితే అసలు దాని కన్నా తేలిగ్గా ఉన్నాయి, అంచు మీద కనీస మందం అచ్చు కూడా లేదు.

ఆ రోజు షెడ్డులో ఉదయం ఏడు నుంచి పక్కనే కూర్చున్నాను. పాత డిస్కు హబ్బుకు అతుక్కుని ఊడిరాలేదు. సుత్తితో బాదకుండా, డిస్కు మీద అందుకోసమే ఉన్న రెండు మర చిల్లుల్లో బోల్టులు వేసి, ఒక్కో చుట్టు చొప్పున మార్చి మార్చి బిగిస్తే అదే టక్కున బయటికి వచ్చింది. విప్పిన కాలిపర్‌ను బ్రేకు గొట్టానికి వేలాడనివ్వకుండా బైండింగ్ వైరుతో స్ప్రింగుకు కట్టాడు. పిస్టన్‌ను వెనక్కి నెట్టేముందు బానెట్టు తెరిచి ఆయిల్ డబ్బాలోంచి కొంచెం తోడేశాడు. లేకపోతే అది పొంగి, రంగు మీద పడి, పెయింటును తినేస్తుంది. కొత్త డిస్కుల మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెను బ్రేక్ క్లీనరుతో రెండు ముఖాలూ తుడిచాడు. ఇక హబ్బును నేనే రుద్దాను, ఆ పని ఇంకొకరికి అప్పగించే ధైర్యం లేదు. డయల్ గేజీ ఎడమ వైపు 0.03, కుడి వైపు 0.04 చూపించింది. అంతా అయ్యాక బండి కదిలించకముందు పెడల్‌ను ఏడెనిమిది సార్లు తొక్కించాడు. పిస్టన్లు వెనక్కి పోయి ఉంటాయి, మొదటి తొక్కుడుకు బ్రేకు ఉండదు. ఈ ఒక్క సంగతి మరిచి షెడ్డు గోడను గుద్దిన బండి ఒకటి తాను చూశానని చెప్పాడు.

మర్నాడు తెల్లవారుజామున అయిదున్నరకు మైదుకూరు మీదుగా కర్నూలు పోయే నాలుగు వరుసల రోడ్డెక్కి, వెనకా ముందూ బండ్లు లేవని చూసుకుంటూ, 60 వేగం నుంచి 15కు ఓ మోస్తరు గట్టిగా తగ్గించడం పది సార్లు చేశాను. ఎక్కడా పూర్తిగా నిలపలేదు. నాలుగో సారికి కొత్త ప్యాడు కాలే వాసన వచ్చింది, ఎనిమిదో సారికి పట్టు పెరిగింది. ఆ తర్వాత పది కిలోమీటర్లు బ్రేకు దాదాపు ముట్టకుండా నడిపి చల్లార్చాను. ఇలా చేస్తే ప్యాడు పదార్థం డిస్కంతటా సమానంగా పలచటి పొరలా పరుచుకుంటుంది. మొదటి మూడు వందల కిలోమీటర్లు ఘాటు వైపు పోలేదు.

వెనుక డ్రమ్ముల గురించి ఒక్క మాట చాలు: వాటిలో అరుగుదలను సర్దే అడ్జస్టర్లు దుమ్ముకు బిగుసుకుంటే వెనుక బ్రేకు బలం తగ్గి ఆ భారం కూడా ముందు డిస్కుల మీదే పడుతుంది కాబట్టి ఏడాదికోసారి విప్పి శుభ్రం చేయిస్తున్నాను. వాన పడిన మర్నాడు, బండి కడిగిన మర్నాడు డిస్కుల మీద కనిపించే నారింజ రంగు తుప్పు మరకలకు కంగారు పడనక్కర్లేదు, నాలుగు సార్లు బ్రేకు తొక్కితే పోతుంది.

ఇక బండి నడిపే తీరు. ఇప్పుడు గువ్వలచెరువులో పాలకోవా కొనే నెపంతో పది నిమిషాలు ఆగి, చల్లబడ్డ బ్రేకులతో, మూడో గేరులో దిగడం మొదలుపెడతాను. మలుపులు బిగిసే చోట రెండో గేరు. పెడల్ మీద కాలు ఆనించి ఉంచకుండా, వేగం పెరిగినప్పుడు ఒకసారి గట్టిగా తొక్కి, పూర్తిగా వదిలేస్తాను. వదిలిన ఆ కొద్ది సేపే డిస్కుల సందుల్లోంచి గాలి ఆడుతుంది. తిరుమల కొండ దిగేటప్పుడూ ఇదే పద్ధతి. 1944లో వేసిన మొదటి ఘాటు రోడ్డు ఇప్పుడు దిగే బండ్లకే కాబట్టి, దిగడానికి కనీస సమయం పెట్టారు కాబట్టి, అక్కడ తొందరపెట్టేవాళ్లు తక్కువ. మన ఘాటులో వెనక లారీ హారను కొడుతూనే ఉంటుంది. పక్కకు తప్పుకుని పోనిస్తాను.

ఆటోమేటిక్ గేర్ల బండి ఉన్న నా స్నేహితుడు తనకు ఈ బాధ లేదనుకునేవాడు. గేరు లివరును మాన్యువల్ వైపు జరిపి కింది గేరు పట్టి ఉంచవచ్చని, బండి కొన్న మూడేళ్లకు నా బండిలో కూర్చుని ఘాటు దిగిన రోజున గమనించాడు.

డాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటుపుస్తకం ఉంటుంది. ప్రతి 10,000 కిలోమీటర్లకు నాణేలతో కొలిచిన మందం అందులో రాస్తాను. 1,86,000 దగ్గర పోయిన నెల రాసింది: ఎడమ 27.3, కుడి 27.3. ప్యాడ్లు లోపలా బయటా అయిదేసి మిల్లీమీటర్లు. బ్రేక్ ఆయిల్ రాబోయే మార్చిలో మార్చాలి.